డిస్‌ప్లేలో 845, విరిగిన కత్తిలో పంచదార పలుకులు: ఫర్నేసు నిజం చెబుతోందా?

కొలిమి హనుమకొండ | మే 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో వంటింటి కత్తులు చేస్తున్నాను. పోయిన ఏడాది వరకు బొగ్గుల కొలిమే. తర్వాత నేనే ఒక కరెంటు ఫర్నేసు కట్టుకున్నాను. ఇన్సులేషన్ ఇటుకలు, వేడెక్కే కాంథాల్ తీగ, 3 కిలోవాట్లు, పెట్టిన అంకె దగ్గర వేడిని నిలిపే పీఐడీ కంట్రోలర్, దాని మాట మీద కరెంటు వేసి ఆపే ఎస్‌ఎస్‌ఆర్ స్విచ్, వేడిని పసిగట్టే కె రకం థర్మోకపుల్ (రెండు లోహాల తీగల జత). చలికాలమంతా మాట పడకుండా పని చేసింది.

ఉక్కు ఈఎన్31 పట్టీ. 845 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి నూనెలో ముంచుతాను, తర్వాత 200 దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గడానికి మళ్లీ కాచడం). జనవరిలో చేసిన కత్తులను హైదరాబాద్ బాలానగర్‌లో పరీక్ష చేయిస్తే గట్టిదనం చెప్పే రాక్‌వెల్ సి అంకె 61 వచ్చింది. ఏప్రిల్ నెలాఖరులో చేసినవి అదే చోట 59. వేడి చాలలేదేమో అనుకుని 860 పెట్టాను. ఈసారి 57! నిన్న ఆ కత్తుల్లో ఒకటి చేయి జారి షాబాదు బండ మీద పడి అప్పడంలా విరిగింది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ఫొటో పెట్టాను.

మెత్తబడితే వంగాలి కదా, విరగడం ఏమిటి? మొత్తం 14 కత్తులు ఇలా చేశాను, అందులో ఆరు అమ్మేశాను. నిద్ర పట్టడం లేదు.

జగిత్యాల చాకు | మే 11, రాత్రి 10:05

ఉక్కు మీద అనుమానం ఉంది. పట్టీ చివర పూసిన రంగును బట్టి పేరు చెబుతారు, ఆ రంగు ఎవరైనా పూయవచ్చు. నాకు ఒకసారి ఈఎన్31 అని ఇచ్చింది మామూలు ఇనుము. ఎంత ముంచినా ఆకురాయికి తెగేది.

ఇసుకబట్టీ | మే 11, రాత్రి 10:20

880 పెట్టి చూడండి. వేడి చాలకపోతేనే మెత్తగా వస్తుంది, ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు.

మెటలర్జీ చదివినవాడు | మే 11, రాత్రి 11:02

దయచేసి 880 పెట్టవద్దు. ఇసుకబట్టీ గారు చెప్పింది మామూలు కార్బన్ ఉక్కు తక్కువ వేడిలో ఉన్నప్పటి సంగతి. ఈఎన్31 అంటే 52100 అనే రకం ఉక్కుకు దగ్గరి చుట్టం, బేరింగు ఉక్కు. అందులో సుమారు 1 శాతం కార్బన్, 1 నుంచి 1.5 శాతం వరకు క్రోమియం ఉంటాయి. 845 దగ్గర ఆ కార్బన్ అంతా కరగదు, కరగకూడదు కూడా. కొంత భాగం చిన్న చిన్న కార్బైడ్ గింజలుగా మిగిలి ఉండాలి. అరుగుదలను తట్టుకునేది అవే, గ్రెయిన్ (ఉక్కు లోపలి పలుకు) పెరగకుండా కాపలా కాసేదీ అవే.

వేడి హద్దు దాటితే ఆ గింజలు కరిగి కార్బన్ మొత్తం ఆస్టెనైట్‌లోకి (ఎర్రగా కాలినప్పుడు ఉక్కు లోపలి రూపం) చేరుతుంది. కార్బన్ ఎక్కువైన ఆస్టెనైట్ నూనెలో ముంచినా పూర్తిగా మార్టెన్‌సైట్‌గా (ముంచాక రావలసిన గట్టి రూపం) మారదు. మార్పు పూర్తి కావడానికి గది వేడికన్నా చాలా కిందికి చల్లబరచాలి. మారకుండా మిగిలింది మెత్తగా ఉంటుంది, అందుకే రాక్‌వెల్ అంకె పడిపోతుంది. కాపలా పోయింది కాబట్టి గ్రెయిన్ కూడా పెరిగిపోతుంది, అందుకే విరుపు. మెత్తగా ఉంటూనే పెళుసుగా ఉండటం వింతేమీ కాదు, అతివేడికి ఇదే సంతకం.

మీ ఫొటోలో కనిపిస్తున్న పలుకులు 860కి వచ్చేవి కావని నా అంచనా. మీ ఫర్నేసు లోపల 890కి పైనే ఉండాలి. అంటే డిస్‌ప్లే అబద్ధం చెబుతోంది.

పరకాల కమ్మరి | మే 12, ఉదయం 6:15

మా ఇంట్లో ఏడు తరాలుగా కొలిమి. గౌడన్నలకు గీత కత్తులు చేసేవాళ్లం, ఇప్పటికీ చేస్తాం. గీత కత్తి చెట్టు మీద మొరాయిస్తే మనిషి ప్రాణానికే ముప్పు, అందుకే ఊరికే మాట్లాడటం లేదు. మా తాతకు డిస్‌ప్లే లేదు. మోదుగుపూవు రంగు రాగానే తీసి ముంచేవాడు, అంతే. అయస్కాంతం అంటుకోకపోతే వేడి సరిపోయినట్టు. అంకెల పిచ్చిలో పడి కంటిని మరిచిపోతున్నారు.

మెటలర్జీ చదివినవాడు | మే 12, ఉదయం 8:30

కమ్మరి గారూ, మీ తాతగారి కంటికి దండం. అయస్కాంతం మాట మాత్రం కొంచెం సవరించాలి. అది అంటుకోవడం మానేది 770 దగ్గర. ఈఎన్31కు ఇంకో 70 డిగ్రీలు పైకి పోవాలి. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, 780లోనూ అంటుకోదు, 950లోనూ అంటుకోదు. కింది హద్దు చెబుతుంది గానీ పై హద్దు చెప్పదు. ఇక్కడ మన గొడవంతా పై హద్దుతోనే.

పరకాల కమ్మరి | మే 12, ఉదయం 9:10

ఒప్పుకుంటాను. మా తాత కూడా ముంచే పని ఎప్పుడూ నీడలోనే, పొద్దుపోయాక చేసేవాడు. ఎండలో మోదుగు రంగు కనిపించిందంటే అసలు వేడి అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నట్టేనని చెప్పేవాడు. ఆయన వాడింది లారీ కమాన్ పట్టీలు, ఈ బేరింగు ఉక్కు కాదు.

రామగుండం పెద్దాయన | మే 12, ఉదయం 11:25

నేను విద్యుత్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో ముప్పై ఏళ్లు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. కత్తుల గురించి నాకు తెలిసింది కూరగాయలు తరగడం వరకే. థర్మోకపుల్ గురించి అయితే కొంచెం తెలుసు.

హనుమకొండ తమ్ముడూ, ఒకటే ప్రశ్న. జనవరికీ ఏప్రిల్‌కీ మధ్య ఏం మార్చావు? ఫర్నేసు వెనక వైపు ఫొటో, కంట్రోలర్ డబ్బా లోపలి ఫొటో పెట్టు.

కొలిమి హనుమకొండ | మే 12, మధ్యాహ్నం 1:50

ఏమీ మార్చలేదు సార్. అదే థర్మోకపుల్, అదే కంట్రోలర్, అదే తీగ చుట్ట. ఫొటోలు పెట్టాను.

కోనసముద్రం వీరాభిమాని | మే 12, మధ్యాహ్నం 2:15

ఈ థర్మోకపుల్ గొడవలు లేకుండానే మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఊట్జ్ అనే పేరుమోసిన మూస ఉక్కు తీశారు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయారు. వాయిసీ అనే ఆయన చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. మూసల్లో వేసి రోజంతా కాల్చి, మెల్లగా చల్లార్చి...

నిర్వాహకుడు | మే 12, మధ్యాహ్నం 2:40

ఊట్జ్ చర్చకు వేరే దారం ఉంది, ఇప్పటికే నలభై పేజీలు దాటింది. మిగతాది దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ ఒక మనిషికి నిద్ర పట్టడం లేదు.

రామగుండం పెద్దాయన | మే 12, సాయంత్రం 4:05

రెండో ఫొటోలో ఫర్నేసు వెనక నుంచి గోడలోని రంధ్రం గుండా పోతున్న ఆ ఎరుపు, నలుపు తీగల జత ఏమిటి?

కొలిమి హనుమకొండ | మే 12, సాయంత్రం 4:30

అదా సార్. ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక షెడ్డులో 45 డిగ్రీలు దాటుతోంది. కంట్రోలర్ పాడవుతుందేమోనని డబ్బాను గోడ అవతలి గదికి మార్చాను, అక్కడ ఎయిర్ కూలర్ ఉంది. థర్మోకపుల్ తీగ అందలేదు. ఇంట్లో ఫ్యానుకు వేయగా మిగిలిన కరెంటు తీగ మూడు మీటర్లు కలిపాను. మంచి రాగి తీగే, కొత్తది.

రామగుండం పెద్దాయన | మే 12, సాయంత్రం 4:41

ఏమీ మార్చలేదన్నావు!

కాజీపేట 230 వోల్టులు | మే 12, సాయంత్రం 4:50

😀😀 "మంచి రాగి తీగే, కొత్తది."

రామగుండం పెద్దాయన | మే 12, సాయంత్రం 5:30

నవ్వకండి, ఈ పొరపాటు చేసిన ఇంజినీర్లను కూడా చూశాను. వివరంగా చెబుతాను, తొందరపడకుండా చదువు.

థర్మోకపుల్ వేడిని కొలవదు. రెండు కొసల మధ్య ఉన్న వేడి తేడాను కొలుస్తుంది. ఒక కొస ఫర్నేసులో ఉంటుంది. రెండో కొస అంటే కె రకం లోహం ఎక్కడ ఆగిపోయిందో అది. ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 41 మైక్రోవోల్టులు పుడతాయి. కంట్రోలర్ ఏం చేస్తుందంటే, తన టెర్మినళ్ల దగ్గర ఎంత వేడి ఉందో తానే చూసుకుని ఆ మొత్తాన్ని కలుపుతుంది. రెండో కొస తన దగ్గరే ఉందని దాని నమ్మకం.

నీ విషయంలో రెండో కొస కంట్రోలర్ దగ్గర లేదు. ఫర్నేసు వెనక, రాగి తీగ కలిపిన ముడి దగ్గర ఉంది. అక్కడ ఒంటికి తగిలితే కాలేంత వేడి ఉంటుంది. ఆ ముడి 75లో ఉండి, కూలర్ గదిలో కంట్రోలర్ 33లో ఉంటే, మధ్యలోని 42 డిగ్రీలను ఎవరూ లెక్క కట్టడం లేదు. రాగి జత అక్కడ ఏ వోల్టేజీనీ పుట్టించదు. కాబట్టి డిస్‌ప్లే 42 తక్కువ చూపుతుంది. నువ్వు 845 అడిగితే లోపల 887 అవుతుంది. 860 అడిగితే 900 దాటుతుంది. నువ్వు డబ్బాను చల్లగా ఉంచడానికి పడిన పాటే ఆ తేడాను ఇంకా పెంచింది.

ఇది నా ఊహ మాత్రమే. తీగ విప్పేయకు. ముందు కొలిచి చూడు. తప్పు ఎంతో తెలియకుండా బాగు చేస్తే, బాగయిందో లేదో కూడా తెలియదు.

మెటలర్జీ చదివినవాడు | మే 12, సాయంత్రం 6:10

పెద్దాయన చెప్పింది నా 890 అంచనాతో సరిపోతోంది. కొలవడానికి రెండో థర్మోకపుల్ లేకపోతే స్థిరంగా ఒకే వేడిలో కరిగే పదార్థం ఏదైనా చాలు. అల్యూమినియం 660, వెండి 962. మన పనికి ఈ రెంటి మధ్యలోది కావాలి.

ఇసుకబట్టీ | మే 12, సాయంత్రం 6:25

గన్‌లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఒక్క నొక్కుతో అయిపోతుంది కదా?

రామగుండం పెద్దాయన | మే 12, సాయంత్రం 6:50

తక్కువ ధరకు వచ్చేవి చాలావరకు 380 లేదా 550 దగ్గరే ఆగిపోతాయి. పైదాకా పోయేవి కూడా ఎమిసివిటీ (ఉపరితలం ఎంత వేడిని వెదజల్లుతుందో చెప్పే అంకె) సరిగా పెట్టకపోతే ఇష్టం వచ్చిన అంకె చెబుతాయి. పొలుసు కట్టిన నల్లటి ఉక్కుకు ఒక అంకె, మెరిసే ఉక్కుకు ఇంకో అంకె. అవి ఇంటి పైపులకు, మోటారు బేరింగులకు బాగుంటాయి. వెనక ముడి వేడి చూడటానికి మాత్రం తప్పకుండా వాడండి.

వెండితీగ కరీంనగర్ | మే 12, రాత్రి 8:00

వెండి అన్నారు కాబట్టి ఒక మాట. మాది ఫిలిగ్రీ పని, రోజంతా వెండితోనే. 962 అనేది స్వచ్ఛమైన వెండికి. పాత కాలిపట్టీల ముక్క వేసి చూస్తే మోసపోతారు. రాగి పాళ్లు ఎక్కువగా ఉన్న వెండి 779 దగ్గరే చెమర్చడం మొదలవుతుంది, పూర్తిగా కరగడం ఇంకెక్కడో. మా పనిలో అతుకు పెట్టడానికి అదే పనికొస్తుంది, మీ పనిలో అదే ముంచుతుంది.

వెండి దాకా ఎందుకు? వంటింటి ఉప్పు 801 దగ్గర కరుగుతుంది.

రామగుండం పెద్దాయన | మే 12, రాత్రి 8:20

శభాష్. నేను రాయబోయింది అదే. తమ్ముడూ, రాళ్ల ఉప్పు వద్దు, అందులో తేమ ఉంటుంది, చిటపటలాడి ఫర్నేసంతా చిమ్ముతుంది. ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పును పెనం మీద కాసేపు వేయించు. చిటికెడు చాలు, చెంచాడు వద్దు. ఉప్పు ఆవిరి కాంథాల్ తీగను తినేస్తుంది. మట్టి ప్రమిదలో వేసి, ప్రమిదను థర్మోకపుల్ మొనకు ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా పెట్టు. తలుపు తీసి చూడకు, వేడి పడిపోతుంది. చూసే రంధ్రం ఉందా?

కొలిమి హనుమకొండ | మే 12, రాత్రి 8:35

తలుపులో వేలు పట్టేంత రంధ్రం ఉంది, ఇటుక ముక్కతో మూసి ఉంచుతాను.

రామగుండం పెద్దాయన | మే 12, రాత్రి 8:44

బాగుంది. 740 నుంచి మొదలుపెట్టి 5 డిగ్రీల చొప్పున పెంచు. ప్రతి మెట్టు దగ్గర పది నిమిషాలు ఆగు, ప్రమిద కూడా వేడెక్కాలి కదా. పలుకులు పలుకులుగా కనిపిస్తున్నంతసేపు గట్టి ఉప్పు. తడి అద్దంలా మెరిసిందంటే కరిగింది.

కొలిమి హనుమకొండ | మే 13, రాత్రి 10:15

చేశాను. 750 గట్టిగా ఉంది. 755 గట్టిగా ఉంది. 760 దగ్గర ఆరో నిమిషంలో అంచులు తడిసి, చూస్తుండగానే మొత్తం అద్దమైపోయింది. అంటే 801 కావలసిన చోట నా డిస్‌ప్లే 755కీ 760కీ మధ్య చూపుతోంది. 41 నుంచి 46 డిగ్రీల తప్పు! పక్కింటి ఏసీ మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చి ముడిని కొలిచాను: 76. అవతలి గదిలో కంట్రోలర్ టెర్మినళ్లు: 33.

పెద్దాయనా, మీ లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

పరకాల కమ్మరి | మే 14, ఉదయం 6:05

చిటికెడు ఉప్పు! మా కొలిమిలో కూడా ఇవాళ వేసి చూస్తాను.

కొలిమి హనుమకొండ | మే 16, రాత్రి 9:30

బాగుపడుతుందనుకున్నాను, ఇంకా ఘోరమైంది. హైదరాబాద్ నుంచి అసలైన కె రకం ఎక్స్‌టెన్షన్ తీగ మూడు మీటర్లు తెప్పించాను. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. రాగిది తీసేసి ఇది వేశాను. మళ్లీ ఉప్పు పరీక్ష. ఈసారి 715 దగ్గర గట్టిగా ఉంది, 720 దగ్గర కరిగిపోయింది! తప్పు రెట్టింపు అయింది. నకిలీ తీగ అంటగట్టారా?

కాజీపేట 230 వోల్టులు | మే 16, రాత్రి 9:45

ఎరుపును ప్లస్‌కు పెట్టారా?

కొలిమి హనుమకొండ | మే 16, రాత్రి 9:48

అవును, ఎరుపు ప్లస్సే కదా. రెండు చివర్లా అలాగే పెట్టాను. తిరగబడితే డిస్‌ప్లే అంకె తగ్గుతూ పోవాలి కదా, ఇక్కడ సరిగ్గానే పెరుగుతోంది.

రామగుండం పెద్దాయన | మే 16, రాత్రి 10:10

తీగ నకిలీది కాదు, నిఖార్సైనది. పసుపు, ఎరుపు అంటే అమెరికా రంగులు. ఆ పద్ధతిలో ఎరుపు ఎప్పుడూ మైనస్. అంతర్జాతీయ పద్ధతిలో అయితే కె రకానికి ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. కారు బ్యాటరీ అలవాటుతో ఎరుపును ప్లస్ అనుకోని వాడు లేడు.

రెండు చివర్లా తిరగేశావు కాబట్టి రెండు తప్పులు కలిసి డిస్‌ప్లే సరైన దిక్కులోనే నడుస్తోంది, అందుకే అనుమానం రాలేదు. కానీ ఆ మూడు మీటర్ల తీగ ముడికీ డబ్బాకీ మధ్య ఉన్న తేడాను కలపాల్సింది పోయి తీసేస్తోంది. రాగి ఉన్నప్పుడు 43 లెక్కలోకి రాలేదు. ఇప్పుడు ఇంకో 43 కోత పడింది. 801 నుంచి 86 తీసేయ్, 715. నీ ఉప్పు చెప్పిందీ అక్కడికక్కడే.

రంగుల మీద ఆధారపడకుండా ఒక ఉపాయం. కె రకంలో మైనస్ తీగ అల్యూమెల్, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. ప్లస్ తీగ క్రోమెల్ అంటుకోదు. థర్మోకపుల్ తలలో ఉన్న రెండు కాళ్లకూ, కొత్త తీగ కొనలకూ చిన్న అయస్కాంతం చూపించు. అంటుకునేదానికి అంటుకునేదాన్ని కలుపు. ఇది వేడి మీద చేయకు, చల్లారాక చెయ్యి.

పరకాల కమ్మరి | మే 17, ఉదయం 6:20

చివరికి అయస్కాంతమే దిక్కయింది. నేను మొదటి రోజే చెప్పాను.

మెటలర్జీ చదివినవాడు | మే 17, ఉదయం 7:45

కమ్మరి గారికి ఒక మార్కు.

కొలిమి హనుమకొండ | మే 17, రాత్రి 8:50

అయస్కాంతం ప్రకారం మార్చాను. 795 దగ్గర గట్టిగా ఉంది, 800 దగ్గర కరిగింది! ఇంట్లో అందరినీ పిలిచి రంధ్రంలోంచి చూపించాను. "ఉప్పు కరిగితే ఇంత సంబరమా" అని మా అమ్మ విసుక్కుంది.

ఇంకా 1 నుంచి 6 డిగ్రీల తేడా ఉంది. కంట్రోలర్‌లో ఆఫ్‌సెట్ అనే సెట్టింగ్ ఉంది, అందులో 4 పెట్టేయనా?

రామగుండం పెద్దాయన | మే 17, రాత్రి 9:30

కొత్త కె రకం థర్మోకపుల్‌కు తయారీదారు ఇచ్చే మామూలు హామీయే 0.75 శాతం. 800 దగ్గర అది 6 డిగ్రీలు. ప్రత్యేక తరగతిది కొంటే 0.4 శాతం, అంటే 3 కొద్దిగా పైన. కాబట్టి నీది హద్దులోనే ఉంది. డిస్‌ప్లే 845.3 అని దశాంశం చూపించినంత మాత్రాన అది దశాంశం దాకా నిజమని కాదు. ఆ చుక్క తర్వాతి అంకె ఎలక్ట్రానిక్స్‌ది, థర్మోకపుల్‌ది కాదు.

ఆఫ్‌సెట్ పెట్టుకో, తప్పు లేదు. కానీ డబ్బా మీద సుద్దతో రాసిపెట్టు, తేదీతో సహా. రేపు థర్మోకపుల్ మార్చినప్పుడు ఆ 4 మరిచిపోతావు. ఇంకో మాట. 800 దగ్గర సరిచేసింది 200 దగ్గర సరిపోదు. 200 దగ్గర కె రకం హామీ 2.2 డిగ్రీలే, అక్కడ ఈ 4 కలిపితే లేని తప్పు తెచ్చిపెట్టినట్టు.

జగిత్యాల చాకు | మే 17, రాత్రి 10:00

మరిగే నీళ్లలో పెట్టి 100 చూసుకుంటే సరిపోదా? నేను ఇంతకాలం అలాగే చేశాను.

రామగుండం పెద్దాయన | మే 17, రాత్రి 10:15

మన ఎత్తులో నీళ్లు 99 దగ్గర మరుగుతాయి, అది అటుంచు. ఆ పరీక్షలో థర్మోకపుల్‌ను ఫర్నేసు నుంచి బయటికి తీస్తావు. ముడి కూడా చల్లగా ఉంటుంది. హనుమకొండ తమ్ముడి రాగి తీగ కూడా ఆ పరీక్షలో దాదాపుగా పాసయ్యేది. తప్పు ఏ వేడిలో పుడుతుందో ఆ వేడిలోనే వెతకాలి.

కాజీపేట 230 వోల్టులు | మే 18, ఉదయం 10:40

ఇంకో కోణం. మీ థర్మోకపుల్ చెప్పేది తన మొన దగ్గరి వేడి. కత్తి ఉన్నది ఆ మొన దగ్గర కాదు. నా ఫర్నేసు లోతు 45 సెంటీమీటర్లు. తొడుగు ఉన్న సన్నని థర్మోకపుల్ ఒకటి తలుపు రంధ్రంలోంచి దూర్చి అడుగడుగునా కొలిచాను. మధ్యలో 815 ఉంటే వెనక గోడ దగ్గర 819, తలుపుకు నాలుగు వేళ్ల దూరంలో 801. కత్తి పిడి వైపు తలుపు దగ్గర, మొన లోపలికి పెడితే పిడి వైపు తక్కువైనా నష్టం లేదు. తిప్పి పెడితే మొన మెత్తబడుతుంది. తలుపు అంచుకు సిరామిక్ ఉన్ని పట్టీ వేశాక ఆ తేడా 14 నుంచి 6కు దిగింది.

విమానాల భాగాలకు వాడే ఏఎంఎస్ 2750 ప్రమాణంలో కూడా ఫర్నేసులను తరగతులుగా విడదీస్తారు. మొదటి తరగతికి ప్లస్ లేదా మైనస్ 3 డిగ్రీలు, రెండో దానికి 6, ఐదో దానికి 14. వంటింటి కత్తికి మొదటి తరగతి కావాలని కూర్చోకండి.

సాయంత్రం పూట వోల్టేజీ కూడా చూసుకోండి. 230 ఉండాల్సింది 200 ఉంటే కాయిల్ శక్తి నాలుగో వంతు తగ్గుతుంది. అంకె తప్పదు గానీ అక్కడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా కత్తి పైపొరలోని కార్బన్ కాలిపోతుంది.

ఇసుకబట్టీ | మే 18, ఉదయం 11:15

కార్బన్ కాలకుండా నేను ఫర్నేసులో బొగ్గు ముక్కలు వేస్తాను, గాలిలోని ఆక్సిజన్‌ను అవే తినేస్తాయి.

రామగుండం పెద్దాయన | మే 18, మధ్యాహ్నం 12:30

కత్తికి మంచిదే, థర్మోకపుల్‌కు విషం. ఆక్సిజన్ బాగా తగ్గిన చోట క్రోమెల్‌లోని క్రోమియం ఒక్కటే ఆక్సైడ్ అవుతుంది, తీగ ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని ఆకుపచ్చ కుళ్లు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అలాంటి థర్మోకపుల్ తక్కువ చూపుతుంది, కంట్రోలర్ ఎక్కువ వేడి చేస్తుంది. బొగ్గు వేయడం తప్పదనుకుంటే పూర్తిగా మూసిన తొడుగు ఉన్నది వాడండి. లేదా కత్తిని స్టెయిన్‌లెస్ రేకులో చుట్టి, బొగ్గు మానేయండి.

ఇసుకబట్టీ | మే 18, మధ్యాహ్నం 12:50

మా ఫర్నేసు తెరిచి చూశాను. ఆకుపచ్చగా ఉంది. 😐

ఆ మొదటి రోజు 880 అన్నది నేనే. వెనక్కి తీసుకుంటున్నాను.

కొలిమి హనుమకొండ | మే 25, రాత్రి 9:05

పని ముగిసింది. అదే పట్టీ నుంచి మూడు ముక్కలు కోసి 830, 845, 860 దగ్గర కాల్చి ముంచాను, ఒక్కోదాన్ని విరిచి చూశాను. 830, 845 విరుపు సన్నని బూడిద పూసినట్టు ఉంది, ఎక్కడా మెరుపు లేదు. 860లో భూతద్దంలో కొంచెం గరుకు కనిపిస్తోంది. 845 ముక్కకు టెంపరింగ్ చేసి బాలానగర్ పంపితే 61. జగిత్యాల అన్నా, ఉక్కు మంచిదే.

ఇంట్లో మిగిలిన ఏడు కత్తుల సంగతేమిటి? వాటిని మళ్లీ కాల్చి ముంచవచ్చా?

మెటలర్జీ చదివినవాడు | మే 25, రాత్రి 9:40

నేరుగా మళ్లీ ముంచవద్దు. ముందు నార్మలైజ్ (గ్రెయిన్ మళ్లీ సన్నబడేలా కాల్చడం) చేసి గాలిలో చల్లార్చండి, తర్వాత 730 పైన కొద్దిసేపు ఉంచి మెల్లగా చల్లార్చి మెత్తబరచండి, అప్పుడు మళ్లీ 845. ఇన్నిసార్లు కాల్చితే పైపొర కార్బన్ పోతుంది కాబట్టి అంచు కొంచెం మందంగా ఉన్నవాటికే ఈ శ్రమ. అంచు ఇప్పటికే పలచగా గీసేసినవి వంకర పోతాయి.

కొలిమి హనుమకొండ | మే 31, రాత్రి 8:30

ఏడింటిలో నాలుగు దక్కాయి, రెండు వంకర పోయాయి, ఒకటి నూనెలోనే చిట్లింది.

అమ్మిన ఆరు కత్తుల వాళ్లకు ఫోను చేసి విషయం చెప్పాను. ఐదుగురు తిరిగి ఇచ్చారు, కొత్తవి ఇస్తానన్నాను. ఆరోది హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కర్రీ పాయింట్ వంటాయన దగ్గర ఉంది. ఆయన ఇవ్వనంటున్నాడు. "నెల నుంచి రోజుకు ఇరవై కిలోల ఉల్లిగడ్డ కోస్తున్నాను, ఇంత బాగా తెగే కత్తి నీ దగ్గర ఎప్పుడూ కొనలేదు, మార్చితే ఒప్పుకోను" అంటున్నాడు. కింద పడేస్తే విరుగుతుందని చెప్పాను. "నేనెందుకు పడేస్తాను" అన్నాడు.

పరకాల కమ్మరి | జూన్ 1, ఉదయం 6:10

పిడికి తాడు కట్టించి ఇవ్వు తమ్ముడూ. గౌడన్నలకు మేము అదే చేస్తాం.